గోదారి ఏటా పరిచే ఇసుక పాన్పు

మార్చి నెలాఖరులో భద్రాచలం వెళ్లి కరకట్ట మీద నిలబడి చూడండి. ఇది ఆ గోదారేనా అనిపిస్తుంది. స్నానఘట్టాల ముందు నీరు పలచబడి, అవతలి ఒడ్డు దగ్గరికి జరిగినట్టు కనిపిస్తుంది. నది నడుమ ఆరవేసిన దుప్పట్లలా ఇసుక మేటలు. శ్రీరామనవమి కల్యాణానికి వచ్చిన జనం చెప్పులు చేత పట్టుకుని, కాళ్లు కాలుతున్నా పరుగులాంటి నడకతో ఆ ఇసుక దాటి నీళ్ల దగ్గరికి వెళతారు. పెద్దవాళ్లు మునకలేస్తుంటే పిల్లలు తడి ఇసుకలో పాదం కప్పెట్టి పిచ్చుక గూళ్లు కడుతుంటారు.

జూలైలో వస్తే ఆ చోటు ఎక్కడుందో చూపించడం కూడా కష్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది... వానాకాలంలో ఈ మూడు అంకెలూ భద్రాచలంలో బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. 1986 ఆగస్టు 16న నది ఇక్కడ 75.6 అడుగులకు లేచింది. ఆ రోజు ప్రవాహం 27 లక్షల క్యూసెక్కులు. 1990లో 70.8 అడుగులు. మళ్లీ 2022 జూలై 16న 71.3 అడుగులు. ఊరిని ఖాళీ చేయించారు, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మరి అంత నీటి కింద పిల్లలు గూళ్లు కట్టిన ఆ ఇసుక ఏమైనట్టు?

కొట్టుకుపోయింది. అయినా మరుసటి వేసవికి ఇసుక అక్కడే ఉంది! అయితే అది నిరుటి ఇసుక కాదు. నిరుటి ఆకారమూ కాదు. కిందటేడు నడుములోతు నీళ్లున్న చోట ఈ ఏడు తిన్నె లేస్తుంది. తిన్నె ఉన్న చోట పాయ పారుతుంది. పడవలు నడిపేవాళ్లనడగండి, నిరుటి రేవు ఈ ఏడు పనికిరాదని చెబుతారు. వరద తగ్గాక వాళ్లు చేసే మొదటి పని గడ వేసి లోతు చూసుకోవడమే.

సముద్ర తీరాలు తుపాను దెబ్బ తిని, మళ్లీ తమంతట తామే ఎలా కోలుకుంటాయని అడిగేవాళ్లు ముందు ఇక్కడికొచ్చి చూడాలంటాను. కడలి ఒడ్డున కొన్నేళ్లు పట్టే పనిని గోదారి ఒక్క ఏడాదిలో, కళ్లముందే చేసి చూపిస్తుంది. పైగా ఆ సముద్ర తీరానికి ఇసుక వెళ్లేది కూడా ఈ దారినే.

అడవిలోనే మొదలు

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా దారి. కొత్తగూడెం దాటాక రోడ్డు పక్కన టేకు చెట్లు, మధ్యమధ్య వాగుల మీద వంతెనలు. చాలామంది ఈ వంతెనల దగ్గర కిటికీలోంచి తొంగి చూసి, ‘నీళ్లే లేవు’ అనుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. నీళ్లు లేకపోతేనేం, వాగు ఖాళీగా లేదు కదా! ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇసుక పరిచి ఉంది. ఎండాకాలంలో అడవి ఊళ్ల కోయ ఆడవాళ్లు ఆ ఇసుకలో మోచేతి లోతున చెలమ తీసి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందెకెత్తుకునేవారు. ఇసుక ఎండను తాను భరించి, నీటిని కింద దాచుతుంది. ఫిల్టరు కొనక్కర్లేని నీరది.

మొర్రేడు, కిన్నెరసాని, ఇంకా పేరు పటాల్లోకి ఎక్కని వాగులు ఎన్నో కలిసి ఈ ఇసుకను కొంచెం కొంచెంగా గోదారి వైపు నెడుతుంటాయి. కిన్నెరసాని బూర్గంపాడు దగ్గర గోదారిలో కలుస్తుంది. అవతలి వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పుట్టిన తాలిపేరు చర్ల ప్రాంతం మీదుగా వస్తుంది. ఇంకా ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి. గోదారి నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిందనీ, 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుందనీ బడిలో చదువుకున్నాం. కానీ భద్రాచలం వద్ద మనం చూసే వరద నీటిలో పెద్ద వాటా త్రయంబకానిది కాదు, ఈ అడవి నదులది. ఇసుక కథ కూడా అంతే.

అసలు ఈ ఇసుక వయసెంతో ఊహించగలరా? కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులున్న నేలంతా గోండ్వానా శిలలు. బొగ్గు పొరల మధ్య ఉండే ఇసుకరాయి పాతిక ముప్ఫై కోట్ల ఏళ్ల కిందటి నదులు పరిచిన ఇసుకే. అది గట్టిపడి రాయైంది. ఇప్పుడా రాయి వానకు, ఎండకు చిట్లి మళ్లీ ఇసుకై, వాగులో పడి, గోదారికి చేరుతోంది. అంటే పిల్లాడి గుప్పిట్లోని రేణువుల్లో కొన్ని ఇదివరకే ఒక నదిలో పారి వచ్చినవన్నమాట. ఇంకో విచిత్రం. సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు తీసేశాక పైకప్పు కూలకుండా ఆ ఖాళీల్లో నింపింది కూడా గోదారి ఇసుకనే. రాతి నుంచి వచ్చిన ఇసుక మళ్లీ రాతి కడుపులోకే వెళ్లింది!

కొత్తగూడెం పక్కన గరీబ్‌పేట కొండ ఉంది. గార్నెట్ అనే ఎర్ర రాళ్లకు అది పేరుమోసింది. ప్రాచీన కాలంలో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు పూసల పనివాళ్ల దాకా ఇక్కడి రాళ్లు వెళ్లాయని పరిశోధకులు పోల్చి చెప్పారు. తూర్పు కనుమల్లోనూ గార్నెట్‌తో నిండిన రాళ్లు బోలెడు. అందుకే గోదారి ఇసుకను అరచేతిలో పోసుకుని ఎండకు పట్టి చూస్తే తెల్లటి రేణువుల మధ్య అక్కడక్కడ గులాబీ మెరుపు కనిపిస్తుంది.

వరద దించే బరువు

ఏడాది మొత్తంలో గోదారి మోసుకొచ్చే ఒండ్రులో తొంభై శాతానికి పైగా వానాకాలం నాలుగు నెలల్లోనే వస్తుంది. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు నది పైకి మాత్రమే పెరగదు, కిందికి కూడా పెరుగుతుంది. వడికి అడుగునున్న ఇసుక లేచిపోయి నది లోతవుతుంది. ఇసుక నదుల మీద వంతెన కట్టే ఇంజినీర్లు పునాదుల్ని అంత లోతుకు దించేది అందుకే. పైకి చూస్తే ఎర్రటి నీళ్లు. లోపల మాత్రం నేలే నడుస్తూ ఉంటుంది. సన్న మట్టి నీటిలో కలిసిపోయి తేలుతూ పోతుంది. ఇసుక అడుగున దొర్లుతూ, గెంతుతూ, ఒక గెంతుకు ఒకసారి ఆగుతూ సాగుతుంది.

తిన్నె పుట్టేది వరద తీసే వేళ. నీటి వడి తగ్గుతుంటే మోసుకొచ్చిన బరువును ఒక్కొక్కటే దించేస్తుంది. ముందు గులకరాళ్లు, తర్వాత ముతక ఇసుక, ఆపైన సన్న ఇసుక, అన్నిటికన్నా చివర మెత్తటి ఒండ్రు. ఎక్కడ దించుతుంది? వడి ఎక్కడ తగ్గితే అక్కడ. మలుపు లోపలి ఒంపులో, బండరాయి వెనకాల సుడిలో, ఉపనది వచ్చి కలిసే మూల దగ్గర. నది వంపు ఎక్కడుందో, బండ ఎక్కడుందో మారదు కాబట్టి తిన్నె కూడా ఇంచుమించు పాత చోటే లేస్తుంది. ఇసుక కొత్తది, చిరునామా పాతది.

ఈసారి తిన్నె మీద నడిచేటప్పుడు కాస్త కాళ్లతో చదవండి. ఎగువ కొసన పాదాలకు గరగరలాడే ముతక ఇసుక, గులకరాళ్లు తగులుతాయి. దిగువ కొసకు నడిచేకొద్దీ ఇసుక పిండిలా మెత్తబడుతుంది. ఒడ్డు దగ్గర ఒండ్రు ఎండి, అప్పడాల్లా అంచులు పైకి లేచి పగిలి ఉంటుంది. ఇసుక తీసిన గోతి ఏదైనా కనిపిస్తే దాని గోడ చూడండి. ఏటవాలుగా పొరలు పొరలుగా ఉంటుంది. ముతక మీద సన్నది, మళ్లీ ముతక... ఒక్కో పొర ఒక్కో పోటు.

ఇదంతా తెలియక కాదు, తెలిసీ నదితో పంతం పట్టి ఓడిన పెద్దలున్నారు. పర్ణశాల వెళ్లేవాళ్లు దుమ్ముగూడెం దాటే వెళతారు. అక్కడ గోదారికి అడ్డంగా పాత ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఎగువ గోదారిలో ఏడాది పొడవునా పడవలు నడపాలని, మధ్య భారతం పత్తిని సముద్రానికి దించాలని ఆర్థర్ కాటన్ కలగన్నాడు. రాతి గుట్టలు అడ్డొచ్చే మూడు చోట్ల పనులు తలపెట్టారు. దుమ్ముగూడెం వాటిలో మొదటిది. రాళ్లు ఒకవైపు, ఎండాకాలంలో పడవ అడుగును పట్టేసే ఇసుక మరోవైపు, అడవి జ్వరాలు ఇంకోవైపు, తరగని ఖర్చు... చివరకు 1871లో పని ఆపేశారు. ఆనకట్ట మిగిలింది, పడవల కల మిగల్లేదు. జనం లేని మధ్యాహ్నం పూట ఆ లాకుల దగ్గర కాసేపు కూర్చోవచ్చు. పర్ణశాల కన్నా నాకు ఇక్కడే ఎక్కువసేపు గడిచింది.

ఇసుక సంగతి మన కాలంలోనూ గుర్తుకొచ్చింది. 2019లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు 2023 అక్టోబరు 21న కుంగాయి. పునాదుల కింది నుంచి ఇసుక కొట్టుకుపోవడం అందుకు కారణాల్లో ఒకటని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు చెప్పారు.

శబరి కలిసే చోట

భద్రాచలం దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఒడిశా కొరాపుట్ కొండల్లో కొలాబ్ అనే పేరుతో పుట్టి, సీలేరును కలుపుకొని వచ్చే నది ఇది. వానలు లేని నెలల్లో సంగమం దగ్గర రెండు రంగుల నీరు కాసేపు పక్కపక్కనే పారడం చూడొచ్చు. ఇక్కడి నుంచి పాపికొండల దాకా నది ఒడ్డున కోయలు, కొండరెడ్ల ఊళ్లు. భద్రాచలం దగ్గర అంత వెడల్పున పరుచుకున్న నది పాపికొండల నడుమ కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. కొండ ఇరుకున వడి ఎక్కువ కాబట్టి ఇసుక నిలవదు. ఇరుకు విప్పుకున్న చోట, కొండ మలుపు చాటున, తెల్లగా మెరిసే చిన్న చిన్న తీరాలు ఏర్పడతాయి. కొల్లూరు దగ్గర అలాంటి ఇసుక మీదే వెదురు గుడిసెలు వేసి పర్యాటకులను రాత్రి ఉంచేవారు. వెన్నెల్లో ఆ ఇసుక మీద పడుకున్నవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెబుతుంటారు. వానాకాలం వస్తే ఆ తీరం నదిది, వేసవి వస్తే మనుషులది. ఆ ఒప్పందం చాలా ఏళ్లు నడిచింది.

ఇప్పుడది అలా లేదు. పోలవరం దగ్గర 2021లో నది పాత దారి మూసి స్పిల్‌వే మీదుగా మళ్లించారు. అప్పటి నుంచి ఎగువన నీరు నిలిచే తీరే మారిపోయింది. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందు ఈ ఇసుక సముద్రం చేరాక ఏం చేస్తుందో చూడాలి.

కడలి ఒడ్డునా అదే లెక్క

భద్రాచలం నుంచి సముద్రం నది దారిన రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. వేల ఏళ్లుగా అడవి నుంచి దిగిన ఇసుక, ఒండ్రు కలిసే కోనసీమ తయారైంది. కొన్ని వేల ఏళ్ల కిందట సముద్రం కొల్లేరు దరిదాపుల దాకా ఉండేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. డెల్టాలో ఇప్పుడు సముద్రానికి ఎంతో లోపల, వరసలు వరసలుగా ఇసుక మెరకలు కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పటి బీచ్‌లే! సముద్రం వెనక్కి జరిగిన కొద్దీ ఒక్కో తీరం ఒక్కో మెరకగా మిగిలింది. ఇళ్లు, తోటలు వాటి మీదే వెలిశాయి.

తుపాను వచ్చి బీచ్‌ను కోసేసిందని పత్రికల్లో చదువుతుంటాం. నిజానికి ఆ ఇసుకలో చాలా భాగం దూరం పోదు. పెద్ద అలలు దాన్ని లాక్కెళ్లి తీరానికి కాస్త అవతల, నీటి అడుగున గట్టులా పోస్తాయి. ఆ గట్టే తర్వాతి అలలను ముందుగా విరిచి తీరాన్ని కాపాడుతుంది. సముద్రం శాంతించాక చిన్న అలలు అదే ఇసుకను చేటతో చెరిగినట్టు కొద్దికొద్దిగా ఒడ్డుకు తెచ్చి పెడతాయి. పైకి వచ్చిన ఇసుకను గాలి ఆరబెట్టి దిబ్బలుగా పోస్తుంది. బాలబంధం లాంటి తీగలు పాకి వాటిని పట్టి ఉంచుతాయి. పోవడం ఒక్క రాత్రి, రావడం నెలలు, ఒక్కోసారి ఏళ్లు. మన దగ్గర దీన్ని మొదట కొలిచి చూసినవాళ్లలో యూజీన్ లాఫాండ్ ఒకరు. 1950లలో ఆంధ్రా విశ్వవిద్యాలయానికి వచ్చిన ఈ అమెరికా సముద్ర శాస్త్రవేత్త, ప్రసాదరావు అనే పరిశోధకుడితో కలిసి వాల్తేరు తీరం కొన్ని నెలలు కోసుకుపోతూ, కొన్ని నెలలు పేరుకుంటూ ఎలా ఊపిరి తీస్తుందో రాశారు.

మన తూర్పు తీరానికి ఇంకో గుణముంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను తీరం వెంట ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం కూడి చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. గోదారి నోటి దగ్గర పడిన ఇసుక ఇలా జరుగుతూ జరుగుతూ కాకినాడ ముందు సుమారు పదహారు కిలోమీటర్ల పొడవైన ఇసుక నాలుకైంది. అదే హోప్ ఐలాండ్. రెండు వందల ఏళ్ల పైచిలుకు వయసున్న పసికందు! అది కాకినాడ రేవుకు పెట్టని గోడ. కానీ దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు అదే ఇసుక సరిగా అందక ఊరి వీధులు, కొబ్బరి తోటలు కడలి పాలవుతున్నాయని నిపుణులు చెప్పే కారణాల్లో ఒకటి. విశాఖలో ఓడరేవు గోడ ఇసుక దారికి అడ్డం కాబట్టి, రేవులో పూడిన ఇసుకను తవ్వి ఆర్.కె. బీచ్ వైపు పోస్తుంటారు. సముద్రం ఉచితంగా చేసే పనిని మనం డబ్బిచ్చి చేయించుకుంటున్నాం.

తీరం కోలుకుంటుందన్న మాట నిజమే. అయితే వచ్చే ఇసుక పోయే ఇసుకకు తగ్గకుండా ఉన్నంత కాలమే. భద్రాచలంలో కానీ, అంతర్వేదిలో కానీ లెక్క ఒకటే. ఇంట్లో బియ్యం డబ్బా లాంటిది. నెలనెలా నింపుతున్నంత కాలం రోజూ తీసుకున్నా ఫర్వాలేదు.

డబ్బా అడుగంటుతోంది

నింపడం తగ్గింది. ఆంధ్రా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 1970లలో గోదారి నీటిలో తేలుతూ ఏటా డెల్టా వైపు వచ్చిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. పైనున్న ఆనకట్టల వెనక మిగతాది ఆగిపోయింది. 1976 నుంచి 2001 దాకా డెల్టా తీరం సుమారు 1,800 హెక్టార్ల నేలను కోల్పోయింది. ఇది తేలే ఒండ్రు లెక్క మాత్రమే. అడుగున దొర్లే ఇసుక ఆనకట్టను దాటడం ఇంకా కష్టం. నిలిచిన నీటిలో వడి ఉండదు కాబట్టి జలాశయం మొదట్లోనే బరువు దించేసి కూర్చుంటుంది.

తీయడం పెరిగింది. ఖమ్మం రోడ్డు మీద రాత్రిపూట ప్రయాణించినవాళ్లకు ఇసుక లారీల వరస కొత్త కాదు. ఈ ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా. ఇక్కడి ఇసుక రేవులను గిరిజన సహకార సంఘాల పేరు మీద నడపాలి. ఆ ఆదాయం ఊళ్లకు చేరిన మేరకు మంచిదే. ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక కావాలి, దాన్ని తప్పుపట్టలేం. చిక్కంతా ఎంత తీయాలన్న దగ్గరే. కేంద్ర పర్యావరణ శాఖ 2016లోనూ, 2020లోనూ ఇచ్చిన మార్గదర్శకాలు చాలా తెలివైనవి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నదిని కొలవాలి. వరద ఎంత నింపిందో తేల్చి, ఆ మేరకే తీయాలి. వానాకాలంలో తవ్వకూడదు. అంటే తిన్నె ఏటా మళ్లీ పుడుతుందన్న సంగతిని చట్టమే ఒప్పుకుని, ఆ పుట్టుకను కొలిచి చూడమంటోంది. కాగితం మీద ఇంత చక్కటి లెక్క మన దగ్గర అరుదు. కొలత సక్రమంగా జరిగిన రేవులెన్నో లారీల వరస చూసి మీరే ఊహించుకోండి.

ఇక పోలవరం. పూర్తిగా నింపితే 45.72 మీటర్లు, అంటే 150 అడుగుల మట్టం. మొదటి దశలో 41.15 మీటర్ల వరకే అంటున్నారు. 150 అడుగులకు నింపితే జలాశయం నిండుగా ఉన్నంత కాలం భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగుల దగ్గర నిలుస్తుందన్నది తెలంగాణ వైపు నుంచి వినిపిస్తున్న అభ్యంతరం. 43 అంటే గుర్తుందిగా? మొదటి ప్రమాద హెచ్చరిక! 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపాక, భద్రాచలం పట్టణం దాటితే చాలు రాష్ట్రం మారిపోతుంది. ఆ మండలాల్లో ఊళ్లకు ఊళ్లే లేచిపోతున్నాయి. ఇల్లు, పొలం, తాతల సమాధులు వదిలి వెళ్లే కోయ కుటుంబం ముందు ఇసుక తిన్నె గురించి మాట్లాడటం చిన్నతనంగానే ఉంటుంది. కానీ ఆ కుటుంబానికి తిన్నె అంటే నీటి చెలమ, పడవ రేవు, వేసవి తోట, పిల్లలు ఈత నేర్చుకునే చోటు. ఇచ్చే పరిహారంలో దానికంటూ ఒక వరుస ఉండదు.

నీరు నిలిస్తే ఇసుక రావడం మానదు. కిన్నెరసాని, శబరి తమ పని తాము చేస్తూనే ఉంటాయి. ఆ ఇసుక నీటి అడుగున, జలాశయం తల దగ్గర పేరుకుంటుంది. ఎండకు బయటపడి తిన్నె కాలేదు. ముందుకు జరిగి అంతర్వేది చేరలేదు.

అమెరికాలో కొలరాడో నది మీద 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీళ్లు ఆపాక, దిగువన గ్రాండ్ కాన్యన్‌లోని ఇసుక తీరాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఏం చేశారో తెలుసా? 1996లో గేట్లు తెరిచి కావాలనే వరద వదిలారు. అడుగున ఉన్న ఇసుక లేచి ఒడ్డున తిన్నెలై పడింది. తర్వాత ఉపనది కొత్త ఇసుక తెచ్చిన వేళ చూసి పలుమార్లు అలాగే చేశారు. తిన్నెలు లేచాయి, కొన్నాళ్లకు మళ్లీ తరిగాయి. ఇసుక తెచ్చే ఉపనది ఒక్కటే మిగిలితే అంతకన్నా ఏమవుతుంది? వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా అనే చిన్న నది మీద మాత్రం 2011 నుంచి 2014 మధ్య రెండు ఆనకట్టలనూ పూర్తిగా తీసేశారు. వందేళ్లుగా వాటి వెనక చిక్కుకున్న ఇసుక సముద్రానికి దిగి, కోసుకుపోతున్న తీరం కొత్త బీచ్‌లతో ముందుకు జరిగింది. దారి ఇస్తే ఇసుకకు ఇంకేమీ నేర్పక్కర్లేదు. గోదారి మీద ఆనకట్టలు తీసేయమని ఎవరూ అనరు. అన్నం పెట్టేవి అవి. వరద వేళ అడుగు గేట్లతో ఇసుకను కిందికి వదలడం, ఉపనదుల మొగల దగ్గర తవ్వకుండా ఉండటం మాత్రం గొంతెమ్మ కోరికలేం కావు.

వెళ్లాలంటే...

రైలులో వచ్చేవాళ్లు కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగాలి. అక్కడి నుంచి భద్రాచలానికి 40 కిలోమీటర్లు, బస్సులు విరివిగా ఉంటాయి. పేరు చూసి స్టేషన్ గుడి పక్కనే ఉంటుందనుకోకండి. పర్ణశాల మరో 35 కిలోమీటర్లు, దారిలోనే దుమ్ముగూడెం. జనవరి నుంచి మే దాకా తిన్నెలు బాగా బయటపడి ఉంటాయి. మే నెలలో పగలు ఇసుక మీద కాలు పెట్టలేరు, పొద్దున్నే వెళ్లండి. ముక్కోటికి వెళితే ఇసుక తక్కువ, తెప్పోత్సవం చూసే అదృష్టం ఎక్కువ. పాపికొండల పడవలు నీటిమట్టాన్ని బట్టి తిరుగుతాయి, ఆగుతాయి. ముందే కనుక్కుని, లైఫ్ జాకెట్ ఇచ్చే పడవే ఎక్కండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగింది మర్చిపోయేది కాదు. తిన్నె అంచున నీటిలో దిగేటప్పుడు పిల్లల చేయి వదలొద్దు. ఇసుక తవ్విన గుంటలు పైకి కనిపించవు. నిరుడు మోకాలి లోతున్న చోటు ఈ ఏడు అలాగే ఉంటుందన్న నమ్మకం అస్సలు వద్దు.

పిల్లల కోసం ఒక తెల్లకాగితం, భూతద్దం, పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం తీసుకెళ్లండి. గుప్పెడు ఇసుక కాగితం మీద పలచగా పోయమనండి. గాజుముక్కల్లా తెల్లగా ఉన్నవి స్ఫటికం. గులాబీ, ఎరుపు రంగువి గార్నెట్. కాగితం కింద అయస్కాంతాన్ని మెల్లగా జరిపితే నల్ల రేణువులు కొన్ని దానితోపాటు బారులు తీరి నడుస్తాయి.